బైక్ వెనుక భాగం దించాలంటే పొట్టి షాక్స్ ఎలా ఎంచుకోవాలి

సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ మునివేళ్లు మాత్రమే నేలకు తగులుతుంటే బండి మీద ధీమా సగం పోతుంది. రోడ్డు ఒక పక్కకు వాలుగా ఉన్నా, కింద కంకర ఉన్నా, వెనకాల మనిషి కూర్చున్నా ఆ టెన్షన్ రెట్టింపు. ఎత్తు తగ్గించాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది పొట్టి వెనుక షాక్స్ (షాక్ అబ్సార్బర్లు). పద్ధతి మంచిదే. కొలవకుండా కొంటే మాత్రం టైరు మడ్‌గార్డును గీరుతుంది, గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది, సైడ్ స్టాండ్ వేసిన బండి అవతలి పక్కకు పడిపోతుంది. ఈ మూడింటినీ షాక్ కొనకముందే టేపు పట్టుకుని లెక్క తేల్చుకోవచ్చు.

ఎంత దించాలి

ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమని, మీరు రోజూ వేసుకునే బూట్లతోనే సీటు మీద కూర్చోండి. రెండు పాదాల కింద సమాన మందం ఉన్న చెక్క పలకలు పెట్టించండి. పాదాల ముందు భాగం గట్టిగా ఆని, మడమలు దాదాపు పలకను తాకేదాకా పలకలు పెంచుకుంటూ పోండి. ఆ పలకల మందమే మీకు కావలసిన తగ్గింపు. మడమలు పూర్తిగా ఆనాలన్న పట్టుదల అక్కర్లేదు. దానికోసం దించే చివరి సెంటీమీటరే బండి నడవడికను ఎక్కువగా చెడగొడుతుంది.

పలకలు 25 మి.మీ. అని చెప్పాయనుకుందాం. ఆ మొత్తాన్నీ షాక్స్ నుంచే రాబట్టాలని చూడకండి. సీటు ముందు భాగంలో ఫోమ్ కాస్త కోయించి, తొడలు ఆనే చోట అంచులు సన్నం చేయిస్తే 10 మి.మీ. సులభంగా కలిసొస్తుంది. సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు ముందు పక్కలకు విచ్చుకుని, ఆ తర్వాతే కిందికి దిగాలి. ఎత్తు అంతే ఉన్నా సన్నటి సీటు మీద కాలు ఎక్కువ దూరం అందేది అందుకే. ఫోమ్ కోతతో సస్పెన్షన్‌కు ఏమీ కాదు. కాబట్టి షాక్స్ మీద పడే భారం 15 మి.మీ. మాత్రమే అనుకుని ముందుకు వెళ్దాం.

సీటు దిగడం, షాక్ పొట్టిదవడం ఒకే లెక్క కాదు

షాక్ 15 మి.మీ. పొట్టిదైతే సీటు 15 మి.మీ. దిగదు. మధ్యలో మూడు లెక్కలున్నాయి.

మొదటిది షాక్‌కూ చక్రానికీ మధ్య నిష్పత్తి. రెండు షాక్స్ ఉన్న బండ్లలో అవి కొంచెం ఏటవాలుగా, ఇరుసుకు కాస్త ముందు బిగించి ఉంటాయి. అందుకే షాక్ కదిలిన దానికంటే చక్రం ఎక్కువ కదులుతుంది. ఎంత ఎక్కువ అన్నది మీ బండి మీదే కొలవండి. వెనుక ఇరుసుకు నిటారుగా పైన ఫ్రేమ్ మీదో సైడ్ ప్యానెల్ మీదో టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. చక్రం గాలిలో వేలాడేలా బండిని ఎత్తి రెండు కొలతలు రాసుకోండి. ఒకటి ఇరుసు నుంచి గుర్తు దాకా. రెండోది షాక్ పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా. ఇప్పుడు బండిని నేల మీద నిలబెట్టి, రైడింగ్ గేర్‌తో సహా ఎక్కి కూర్చుని, అవే రెండు కొలతలు ఇంకొకరి చేత తీయించండి. ఇరుసు దగ్గర 30 మి.మీ., షాక్ దగ్గర 24 మి.మీ. తేడా వచ్చిందనుకోండి. 30ని 24తో భాగిస్తే 1.25. అంటే షాక్ 20 మి.మీ. పొట్టిదైతే చక్రం దగ్గర 25 మి.మీ. దిగుతుంది.

ఈ కొలతలోనే ఇంకో సంగతి కూడా తెలిసిపోయింది. మీరు కూర్చుంటే షాక్ కుంగేది 24 మి.మీ. మెకానిక్‌లు దీన్నే రైడర్ సాగ్ అంటారు. షాక్ మొత్తం కదలిక 80 మి.మీ. అయితే ఇది 30 శాతం. రోడ్డు బండికి సరిగ్గా సరిపోయే అంకె. ఈ 24ను గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

రెండోది సీటు ఉన్న చోటు. సీటు వెనుక ఇరుసు నెత్తి మీద ఉండదు, రెండు చక్రాల మధ్య ఎక్కడో ఉంటుంది. ముందు ఇరుసు నుంచి మీరు కూర్చునే చోటుకు ఉన్న దూరాన్ని రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించండి. చాలా బండ్లలో అది మూడింట రెండు వంతుల దగ్గర తేలుతుంది. కాబట్టి వెనుక 25 దిగితే సీటు దిగేది దాదాపు 17 మి.మీ. ముందు ఫోర్క్ కూడా 10 దించితే ఇంకో 3 కలుస్తుంది. మొత్తం 20.

మూడోదాన్ని దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పొట్టి షాక్‌కు కదిలే చోటు తక్కువ కాబట్టి దాని స్ప్రింగ్ గట్టిగా ఉండాలి. స్ప్రింగ్ గట్టిదైతే మీరు కూర్చున్నప్పుడు తక్కువ కుంగుతుంది. కదలిక 80 నుంచి 60కి తగ్గి, కుంగడం అదే 30 శాతం దగ్గర ఉంటే 24 మి.మీ. కాస్తా 18 అవుతుంది. ఆ 6 మి.మీ. చక్రం దగ్గర 7.5, సీటు దగ్గర 5. అంటే లెక్కలో 20 దిగాల్సిన సీటు మీరు కూర్చున్నప్పుడు నిజంగా దిగేది 15 మి.మీ. మనకు కావలసింది అంతే కాబట్టి ఈ ఉదాహరణలో 20 మి.మీ. పొట్టి షాక్ సరిపోయింది. మీ బండికి మీ అంకెలు వేసి చూసుకోండి. షాక్ బిగించాక 'చెప్పినంత దిగలేదే' అని గొణుక్కునేవాళ్లలో ఎక్కువమంది ఈ మూడో లెక్క వేయనివాళ్లే.

పూర్తిగా నొక్కుకుపోయినప్పటి పొడవు

షాక్ అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది పై కన్ను (బోల్టు దూరే రింగు) మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా ఉండే పొడవు. 320, 340, 360 అంటూ కనిపించే అంకెలు అవే. మీరు తప్పకుండా అడగాల్సింది ఇంకోటుంది: స్ట్రోక్, అంటే రాడ్ లోపలికి ఎంత వెళ్తుందో. పొడవులోంచి స్ట్రోక్ తీసేస్తే వచ్చేది షాక్ పూర్తిగా నొక్కుకుపోయినప్పటి పొడవు. చక్రం ఎంత పైకి రాగలదో నిర్ణయించేది ఇదే.

పాత షాక్ 340, స్ట్రోక్ 80 అయితే నొక్కుకున్న పొడవు 260. కొత్తది 320, స్ట్రోక్ 60 అయితే అది కూడా 260. చక్రం పాత హద్దు దాటి పైకి రాదు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ కంపెనీ ఇచ్చినంతే ఉంటుంది. అదే 320 పొడవులో 80 స్ట్రోక్ ఉన్న షాక్ దొరికిందనుకోండి. 'కదలిక ఏమాత్రం తగ్గలేదు, ఎత్తు మాత్రం తగ్గింది' అని చెప్పి అంటగడతారు. దాని నొక్కుకున్న పొడవు 240. పెద్ద గుంతలో చక్రం పాత హద్దుకంటే 25 మి.మీ. పైకి వస్తుంది. అక్కడ ఖాళీ ఉంటే సంతోషం. లేకపోతే మడ్‌గార్డు బోల్టు తలలు, నంబర్ ప్లేటు బ్రాకెట్, టెయిల్ లైట్ వైర్లు టైరుకు తగులుతాయి. వేగంలో, ఇద్దరు కూర్చున్నప్పుడు తగిలితే చక్రం పట్టేసే ప్రమాదం ఉంది.

ఖాళీ ఉందో లేదో ఊహించక్కర్లేదు. రెండు ఇనుప పట్టీలు తీసుకుని, కొత్త షాక్ నొక్కుకున్న పొడవెంతో సరిగ్గా అంత దూరంలో రెండేసి రంధ్రాలు వేయించండి. బండి ఫ్రేమ్‌కు గట్టి ఆధారం పెట్టి, షాక్స్ విప్పి, వాటి స్థానంలో ఈ పట్టీలు బిగించండి. ఇప్పుడు మీ కంటి ముందున్నది పెద్ద గుంతలో అడుగంటినప్పటి బండి. చక్రాన్ని చేత్తో తిప్పండి. టైరుకూ పైనున్న ప్రతి వస్తువుకూ మధ్య వేలు దూర్చి చూడండి. వేలు సులభంగా దూరాలి. చైను గార్డు, బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, సైలెన్సర్ బ్రాకెట్ అన్నీ అప్పుడే చూసేయండి. లగేజీ బ్యాగులు తగిలించే అలవాటుంటే అవి కూడా తగిలించి చూడండి. గంట పని. ఇంత ఖచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. ఖాళీ పుష్కలంగా కనిపిస్తే 5 మి.మీ. తక్కువ దూరంలో మళ్లీ రంధ్రాలు వేయించి చూడొచ్చు. అలా దొరికిన ప్రతి మిల్లీమీటరూ మీకు అదనపు స్ట్రోక్.

షాక్ రాడ్ మీద ఉండే రబ్బరు స్టాపర్ ఆపుతుందిలే అని నమ్ముకోకండి. గట్టి దెబ్బకు అది నలిగిపోతుంది. రబ్బరు లేదనుకునే లెక్క వేయండి.

స్ప్రింగ్

పాత స్ప్రింగునే పొట్టి షాక్‌లో పెట్టుకుంటే ఏమవుతుంది? స్ప్రింగ్ మింగగలిగే దెబ్బ కదలిక వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచడం) పక్కన పెట్టి చూస్తే, 80 బదులు 60 మి.మీ.లో అది మింగేది పాతదానిలో 56 శాతం. మిగతాది మీ నడుము మీదికి వస్తుంది. స్ప్రింగ్ గట్టిగా ఉండాలనేది అందుకే. అలాగని ఆ లోటంతా స్ప్రింగుతోనే పూడ్చాలంటే ఒకటిన్నర రెట్లకు పైగా గట్టిది వేయాలి, అప్పుడు చిన్న గతుకులు కూడా రాళ్లలా తగులుతాయి. కూర్చున్నప్పుడు మొత్తం కదలికలో 30 శాతం అటూ ఇటూ కుంగే స్ప్రింగ్ ఎంచుకోవడమే తెలివైన మధ్యేమార్గం.

స్ప్రింగ్ గట్టిదనాన్ని తయారీదారులు మూడు రకాలుగా రాస్తారు: మిల్లీమీటరుకు కిలోలు, మిల్లీమీటరుకు న్యూటన్లు, అంగుళానికి పౌండ్లు. మి.మీ.కు 1 కిలో అంటే 9.8 న్యూటన్లు, అంగుళానికి దాదాపు 56 పౌండ్లు. రెండు బ్రాండ్లను పోల్చేటప్పుడు ముందు అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చుకోండి. హేగన్, విల్బర్స్ లాంటి తయారీదారులు రైడర్ బరువు, కావలసిన ఎత్తు అడిగి దానికి తగ్గట్టు షాక్ కట్టిస్తారు. అలాంటి చోట బరువు నిజం చెప్పండి. గేరుతో సహా మీ బరువు, వెనక మనిషి ఎంత తరచుగా కూర్చుంటారు, లగేజీ ఎంత అన్నవి మూడూ చెప్పాలి.

ప్రీలోడ్ రింగు వదులు చేసి ఎత్తు తగ్గించుకునే చిట్కా ఒకటి చాలాకాలంగా వినిపిస్తుంది. ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిదనం మారదు, బండి నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది. వదులు చేశారంటే గుంతకు మిగలాల్సిన కదలికను నిలబడ్డప్పుడే ఖర్చు పెట్టేసినట్టు. ఎత్తు తగ్గడానికి ఇది దారి కాదు. అలాగే షాక్ కింది బోల్టును వెనక్కి జరిపే బ్లాకులు కూడా అమ్ముతారు. వాటి వల్ల నిష్పత్తి మారి స్ప్రింగ్ మెత్తబడుతుంది, బోల్టు మీద మెలిక భారం పడుతుంది. నేనైతే వాటి జోలికి వెళ్లను.

డ్యాంపింగ్, అంటే స్ప్రింగ్ ఊగుడును అదుపు చేయడం గురించి రెండే మాటలు. స్ప్రింగ్ గట్టిపడింది కాబట్టి అది తిరిగి విచ్చుకునే వేగాన్ని అదుపు చేసే రీబౌండ్ అడ్జస్టర్ ఉన్న షాక్ దొరికితే తీసుకోండి. నూనె, గ్యాస్ ఒకే గదిలో కలిసి ఉండే మామూలు షాక్స్‌ను తలకిందులుగా బిగించకూడదు.

కొనేముందు కన్నుల సంగతి

పొడవు, స్ట్రోక్, స్ప్రింగ్ అన్నీ కుదిరాక బోల్టు దగ్గర పని ఆగిపోతే ఒళ్లు మండుతుంది. పై కన్ను రంధ్రం, కింది కన్ను రంధ్రం, రెండు చోట్లా బుష్ (కన్ను లోపలి గొట్టం) వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. కొన్ని బండ్లలో కింద కన్నుకు బదులు రెండు చెవుల కొస ఉంటుంది. స్ప్రింగ్ బయటి వ్యాసం పాతదానికంటే ఎక్కువైతే చైను గార్డుకో సైలెన్సర్‌కో తగలొచ్చు. పక్కన గ్యాస్ డబ్బా ఉన్న రకమైతే అది ఎటు తిరిగి ఉంటుందో, సైడ్ ప్యానెల్‌కు, వెనక కూర్చునేవాళ్ల కాలికి అడ్డొస్తుందేమో చూడండి. షాక్ బిగించాక పైనా కిందా మెలిక లేకుండా స్వేచ్ఛగా ఊగాలి. లాగి పట్టి బోల్టు దూర్చాల్సి వస్తే అది మీ బండి షాక్ కాదు.

ఇంకో మోడల్ నుంచి విప్పిన పాత షాక్స్ తీసుకుంటే రాడ్ మీద తుప్పు చుక్కలు, సీల్ దగ్గర నూనె తడి కోసం చూడండి. రాడ్ మీద గోరుకు తగిలే గుంట ఒక్కటి ఉన్నా సీల్ ఎక్కువకాలం నిలవదు.

ఒకే షాక్ ఉన్న బండ్లు

లింకు ఉన్న మోనోషాక్‌లో అది షాక్‌కూ చక్రానికీ మధ్యవర్తిగా ఉంటుంది. నిష్పత్తి రెండు నుంచి మూడు దాకా పోవచ్చు, అంటే షాక్ 10 మి.మీ. పొట్టిదైతే చక్రం దగ్గర 20 నుంచి 30 మి.మీ. దిగుతుంది. ఇక్కడ 2 మి.మీ. పొరపాటు కూడా పెద్దదే. చాలామంది షాక్ జోలికి వెళ్లకుండా డాగ్‌బోన్ లింకులు (ఆ లింకులో ఉండే చిన్న పట్టీలు) మారుస్తారు. చవక, గంటలో పూర్తి. కానీ షాక్ స్ట్రోక్ తగ్గలేదు, చక్రం మాత్రం పైకి జరిగింది. కాబట్టి అడుగంటినప్పుడు టైరు కూడా దాదాపు అంతే పైకి వస్తుంది. పైన చెప్పిన 240 కథే మళ్లీ. లింకు కోణం మారడం వల్ల స్ప్రింగ్ పనిచేసే తీరు కూడా మారుతుంది. చిన్న తగ్గింపుకు లింకులు పరవాలేదు. అంతకు మించితే, స్ట్రోక్ తగ్గించి కట్టిన షాక్ తీసుకోవడమే మేలు.

ముందు భాగం

1400 మి.మీ. చక్రాల దూరం ఉన్న బండిలో వెనుక మాత్రమే 25 మి.మీ. దించితే బండి మొత్తం ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఫోర్క్ అంత ఎక్కువ వాలు తీసుకుంటుంది, ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటుకూ ముందు టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం) సుమారు 6 మి.మీ. పెరుగుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు నిలకడగానే ఉంటుంది. మలుపులో మాత్రం హ్యాండిల్ బరువుగా, మొండిగా అనిపిస్తుంది.

అందుకే ఫోర్క్ గొట్టాలను వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లో కొద్దిగా పైకి జరిపి ముందూ దించుతారు. ముందు చక్రాన్ని భారం లేకుండా నిలబెట్టి, ఒక్కో వైపు వదులు చేసి, రెండు పక్కలా సమానంగా జరిపి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించండి. ఇక్కడా అదే హెచ్చరిక. ఫోర్క్ కదలిక తగ్గలేదు, కింది క్లాంప్ మాత్రం చక్రానికి దగ్గరైంది. పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైరుకూ క్లాంపుకూ, మడ్‌గార్డుకూ రేడియేటర్‌కూ మధ్య ఎంత మిగులుతుందో కొలిచాకే జరపండి. మా ఉదాహరణలో 10 మి.మీ. చాలు. వెనుక దించినంత ముందూ దించాలన్న పట్టింపు లేదు.

బిగించే రోజు

పాత షాక్స్ ఒకదాని తర్వాత ఒకటి మార్చడం పొట్టి షాక్స్‌తో కుదరదు. పాతది చక్రాన్ని కిందికి నెట్టి ఉంచుతుంది, కొత్తదాని రంధ్రం కలవదు. ఫ్రేమ్ కింద జాకీ పెట్టి బండి ఊగకుండా చూసుకుని, రెండూ విప్పి, చక్రం కింద పలకలు దోపి పైకి లేపితే బోల్టులు వేళ్లతోనే దూరతాయి. రబ్బరు బుష్‌లు ఉంటే బోల్టులను ముందు కొద్దిగా బిగించి, బండి చక్రాల మీద నిలబడ్డాక పూర్తిగా బిగించండి. గాలిలో వేలాడుతుండగానే బిగిస్తే రబ్బరు మెలికపడి త్వరగా చీలుతుంది. స్ప్రింగ్ విప్పాల్సిన పని వస్తే సరైన స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా ముట్టుకోకండి. ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది.

చైను గురించి ఒక అపోహ ఉంది. దించాక స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) ఇంకొంచెం అడ్డంగా నిలుస్తుంది కాబట్టి, నిలబడి ఉన్న బండిలో చైను బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. వెంటనే వదులు చేసేస్తారు. చైను అన్నింటికంటే బిగువుగా ఉండేది ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్ (అది ఊగే కీలు), వెనుక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు. షాక్స్ విప్పి ఉన్నప్పుడే చక్రాన్ని ఎత్తి ఆ మూడూ కలిపి చూడండి. అక్కడ చైను కొద్దిగా ఆడుతుంటే సరే. షాక్స్ బిగించాక స్టాండ్ మీద ఎంత వదులు కనిపిస్తుందో కొలిచి రాసుకోండి, ఇకనుంచి ఈ బండికి అదే అంకె.

సైడ్ స్టాండ్ ఎంత పొట్టి చేయించాలో పలకలతోనే తేలుతుంది. బండిని స్టాండ్ మీద ఉంచి, రెండు టైర్ల కింద సమానంగా పలకలు పెట్టుకుంటూ పోండి, స్టాండ్ కాలు మాత్రం నేల మీదే. పాత వాలు వచ్చినప్పుడు ఆపండి. స్టాండ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పలక మందానికంటే కొంచెం ఎక్కువే కోయాలి. కొత్త స్ప్రింగులు కొన్ని రోజుల్లో కాస్త సర్దుకుంటాయి, అప్పటిదాకా కోయించకండి. సెంటర్ స్టాండ్ ఉంటే బండిని దాని మీదికి ఎక్కించడం ముందుకంటే కష్టమవుతుంది, దానికి తయారుగా ఉండండి.

హెడ్‌లైట్ పైకి చూస్తుంది, దాన్ని కిందికి సర్దండి. ఫుట్‌రెస్ట్, సైలెన్సర్ మలుపులో ఇంతకుముందుకంటే త్వరగా నేలను తాకుతాయి. మొదటి కొన్ని రోజులు తెలిసిన రోడ్డు మీదే, మలుపులు నెమ్మదిగా తీసుకుంటూ నడపండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టుల టార్క్, రైడర్ సాగ్ మళ్లీ చూడండి. సాగ్ 30 శాతం దాటి పోతుంటే ప్రీలోడ్ ఒక మెట్టు పెంచండి. అయినా దారికి రాకపోతే స్ప్రింగ్ మార్చాల్సిందే.

పాత షాక్స్, లింకులు, బోల్టులు ఒక సంచిలో వేసి ఉంచండి. బండి కొనేవాళ్లకు మీ కాళ్ల పొడవే ఉండాలని లేదుగా.